మందులమ్మ వేళ్ళు తప్పు చెప్పలేదు

మందులమ్మ పోయిందన్న మాట నాకు బడిలో తెలిసింది. మధ్యాహ్నం గంట కొట్టాక పిల్లలు అన్నం డబ్బాలు విప్పుకుంటున్నారు. మా పాత గల్లీలో పాలు పోసే ముసలాయన ఎటో పోతూ నన్ను చూసి గేటు దగ్గర ఆగాడు. “అల్వాల్ల మందులమ్మ పోయిందట బిడ్డా, మొన్న బేస్తారం. నీకెరికేనా?” అన్నాడు. నాకు ఎరుక లేదు. అప్పటికే నాలుగు రోజులైంది. “మంచి ముసలమ్మ. ఆఖర్ల పేరు ఖరాబైంది గని” అని నిట్టూర్చి ఆయన తన దారిన పోయాడు.

ఆయన అలవోకగా అన్న ఆ చివరి మాట కోసమే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. ఆమె పేరు చెడింది నా వల్ల. ఏడేళ్ళుగా ఆ సంగతి నాకు తెలుసు. ఆమెకు కూడా తెలుసుననీ, తెలిసీ నన్ను క్షమించిందనీ అనుకుంటూ బతికాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, ఈ రాత సరిగ్గా అదే. అయినా గల్లీలో నలుగురి మధ్య చెడిన పేరును నలుగురి మధ్యే బాగుచేయాలి కాబట్టి రాస్తున్నాను.

బన్సీలాల్‌పేటలో మెట్ల బావికి పోయే దారిలో ఆమె ఇల్లూ మా ఇల్లూ ఎదురెదురు. మేం దూదేకులవాళ్ళం. శుక్రవారం నమాజుకు పోతాం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. నాయిన దూది ఏకి పరుపులూ బొంతలూ కుట్టేవాడు. ఆమె ఆయుర్వేదం చేసేది. వాళ్ళ నాయిన వైద్యుడు. మగపిల్లలు లేక, ఉన్న ఒక్క కూతురికే విద్యంతా అప్పజెప్పి పోయాడు. ఆమెకు అసలు పేరొకటి ఉండేది గానీ ఆ పేరుతో పిలిచినవాళ్ళను నేను చూడలేదు. పసిపిల్లల నుంచి పోస్టుమేన్ దాకా అందరికీ మందులమ్మే.

ఆమె దగ్గరికి పోతే వెంటనే చెయ్యి పట్టుకుంటుందనుకునేరు. అదేం లేదు. ముందు పీట వేసి కూర్చోబెట్టేది. తాను చేటలో బియ్యం పెట్టుకొని రాళ్ళు ఏరుతూ, “పొద్దున ఏం తిన్నవ్? ఎవలతోటి కొట్లాడినవ్?” అని అడిగేది. వచ్చినవాడు రొప్పుతూ తన బాధంతా చెప్పుకుపోతుంటే చెవిన పెట్టినట్టే ఉండేది కాదు. వాడి ఊపిరి నెమ్మదించాక చేట పక్కన పెట్టి, కుంపటి మీద వేళ్ళు వెచ్చ చేసుకొని అప్పుడు నాడి చూసేది. ఎందుకమ్మా ఈ వేడి అంటే, “సల్లటి చెయ్యి పెడితె నాడి ఉలిక్కి పడ్తది. ఉలిక్కిపడ్డ నాడి అబద్ధం చెప్తది” అనేది.

మూడు వేళ్ళు పెట్టేది. చూపుడువేలి కింద వాతం, నడిమివేలి కింద పిత్తం, ఉంగరంవేలి కింద కఫం. కళ్ళు మూసుకొని ఎంతసేపు ఉండేదంటే, ఆడవాళ్ళు కొందరు ‘నిద్రపోయిందేమో’ అని ఒకరినొకరు పొడుచుకునేవాళ్ళు. కళ్ళు తెరిచాక మాత్రం తడుముకోకుండా చెప్పేది. చెప్పింది తప్పినట్టు నేను వినలేదు. వినలేదు అంటే, ఆ ఏడాది దాకా వినలేదు.

గల్లీలో మనుషులందరినీ ఆమె ఈ మూడు వేళ్ళ కింద పంచేసింది. మూల మీది కిరాణా దుకాణదారుడు పిత్తం మనిషి. వాడితో పేచీ ఉంటే వాడు అన్నం తిన్నాక పెట్టుకోమనేది. మా అమ్మ కఫం. కోపం రావడానికి రెండు దినాలు, పోవడానికి రెండేళ్ళు అని నవ్వేది. నన్ను చూపించి, “ఇది గాలి పిల్ల. దీని నోట్ల మాట ఆగదు, కడుపుల ముద్ద ఆగదు” అనేది. నాకు కోపం వచ్చేది. పది చదివినదాన్ని, నన్ను పట్టుకొని గాలి పిల్ల అంటుందా అని.

నరాల సంగతి నాయినకు ఆమె చెప్పిన తీరు నాకు బాగా గుర్తుంది. నాయిన వాకిట్లో విల్లు పెట్టుకొని దూది ఏకుతున్నాడు. దూది ఏకే విల్లు మీరు చూసే ఉంటారు, మనిషంత పొడుగు; దాని నారి మీద కర్రగుండుతో కొడితే టుంగు టుంగుమని మోగుతూ దూదిని విడదీస్తుంది. ఆమె ఆగి చూస్తూ, “తమ్మీ, మనిషి నరాలు గిట్లనే” అంది. “నారి బిగుసుకుంటె తెగుతది, వొదులైతె దూది ఏకదు. మోగించేది నారి గాదు, గాలి. మా భాషల దాన్ని వాయువంటం. భయం, దుఃఖం, ఆశ, ఈ మూడు ఆ గాలిని లేపుతయి. గాలి లేస్తె నిద్ర పోతది, చెయ్యి వణుకుతది, మనసు ఒక్కకాడ నిలబడది. అందుకే నేను మనసుకు వేరే, ఒంటికి వేరే మందియ్య. రెండు ఒక్క విల్లే.” నాయిన నవ్వి, “మరి నారి బిగుసుకుంటె మేం కట్టె జెర సడలిస్తం, మీరేం సడలిస్తరు?” అన్నాడు. “మేం నూనె పెడ్తం” అంది ఆమె.

ఆ నవ్వు తర్వాత మా ఇంట్లో నవ్వు లేదు. వానలు తగ్గుముఖం పట్టాక, చలి రాకముందు మావాళ్ళు విల్లు భుజాన వేసుకొని జిల్లాలకు పోయి పాత పరుపుల దూది ఏకి వస్తారు. మా అన్న ఆ ఏడు కొంచెం ముందుగానే బీదరు వైపు పోయాడు. అతడు పోయిన పక్షం దినాలకు మిలిటరీ వచ్చింది. దాన్నే అందరూ పోలీసు చర్య అంటున్నారు. అయిదు రోజుల్లో అయిపోయిందని పేపర్లు రాశాయి. మా ఇంట్లో ఇవాళ్టికీ అయిపోలేదు. అంతకుముందు రజాకార్ల భయంతో మందులమ్మ తలుపులు వేసుకుంటే మా నాయిన వాళ్ళ అరుగు మీద పడుకున్నాడు. ఆ తర్వాత మేం తలుపులు వేసుకుంటే ఆమె వచ్చి మా అరుగు మీద కూర్చుంది. అన్న మాత్రం రాలేదు. ఉత్తరం లేదు. బక్రీదు మా ఇంటికి వచ్చిందో పోయిందో తెలియదు.

నాయినకు నిద్ర కరువైంది. చేతులు వణకడం షురూ అయ్యింది. విల్లు పడితే కర్రగుండు నారి మీద కాక తన గోళ్ళ మీదే పడేది. దానికన్నా కష్టమైనది, ఉన్నట్టుండి లేచి స్టేషనుకు ఉరకడం. బీదరు బండి వచ్చే వేళ అని ఎవరూ చెప్పనక్కర్లేదు. తింటున్న కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. సికింద్రాబాదు స్టేషన్లో ప్లాట్‌ఫారం పొడుగునా తిరిగి, దిగినవాళ్ళ మొహాలన్నీ చూసి, సాయంత్రానికి కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చేవాడు. ఇలా నెల రోజులు.

మందులమ్మ నాడి చూసి, “ఇది పిచ్చి గాదు. గాలి తలకెక్కింది. పద్నాలుగు దినాలు నాకియ్యుండ్రి” అంది. పొద్దున నువ్వుల నూనె, పాలు, చిట్టాముట్టి వేరు వేసి కాచిన తైలం గోరువెచ్చగా తల మీద ధారగా పోయాలి. ఆ ధార నేను పట్టేదాన్ని. అమ్మ అరికాళ్ళకు నూనె రాసేది. ముక్కులో రెండు చుక్కలు, సాయంత్రం పెన్నేరు గడ్డ వేసి మరిగించిన పాలు, నెయ్యి వేసిన వేడి జావ. గాలి తగలకుండా తలకు గుడ్డ. ఇవన్నీ ఎవరైనా చేయగలరు. చేయలేనిది ఇంకొకటి పెట్టింది.

“పద్నాలుగు దినాలు ఈ ఇంట్ల ఖబర్ బంద్” అంది.

ఏ ఖబరని అడిగాను.

“ఏదైన. ఎవలు సచ్చిండ్రు, ఎవలు బతికిండ్రు, ఏ ఊర్ల ఏమైంది, ఏదొద్దు. నూనె పెట్టిన దినాలల్ల ఒంట్ల తలుపులన్ని తెరిచి ఉంటయి బిడ్డా. సల్లగాలొచ్చినా నేరుగ లోపలికే, మాటొచ్చినా నేరుగ లోపలికే.”

“మంచి ఖబర్ వొస్తె?”

“మంచిది సుత వొద్దు. సంతోషం సుత గాలే. ఒక్కపారి కొడితె తట్టుకోడు. ఏదున్నా ముందు నాకు చెప్పు, నేను చూసి చెప్తా.”

అన్నంతపనీ చేసింది. పోస్టుమేన్‌ను పిలిచి మా ఇంటి ఉత్తరాలు తన చేతికే ఇమ్మంది. నాయినను చూడవచ్చే చుట్టాలను తన అరుగు మీదే ఆపి, నీళ్ళిచ్చి సాగనంపేది. ఇదేం జులుమని నేను లోపల ఉడికిపోయాను. అన్న మావాడు, ఖబర్ మాది, మధ్య ఈమెకేం హక్కు? అమ్మతో అంటే, “నీ నోరు జెర కట్టుకోవే, మనిషి నిద్రపోతే సాలు” అంది.

నిద్రపోయాడు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం జావ తాగి అట్లాగే ఒరిగి గురక పెట్టాడు. ఆ గురక విని అమ్మ వంటింట్లో కూర్చొని ఏడ్చింది. లేచాక నీళ్ళ చెంబు పట్టుకుంటే చుక్క ఒలకలేదు. బీదరు బండి వేళ దాటిపోయినా తలుపు వైపు చూడలేదు. మందులమ్మ వచ్చి, వేళ్ళు వెచ్చ చేసుకొని, కళ్ళు మూసుకొని చూసింది. లేచి అమ్మతో, “చెల్లే, గాలి దిగింది. ఇగ ఉరుకడు. రాసిస్త కావాలంటె” అంది. ఆమె అంత గట్టిగా మాట ఇవ్వడం నేను అంతకుముందు ఎరగను.

తొమ్మిదో రోజు పొద్దున. తల మీద ధార పోసి, గుడ్డ చుట్టి, నాయినను గోడకు ఆనించి కూర్చోబెట్టాను. అమ్మ నీళ్ళకు బావికి పోయింది. జహీరాబాదు నుంచి దూది తెచ్చే బేపారి ఒకడు వాకిట్లోకి వచ్చాడు. ఏడాదికి రెండుసార్లు వస్తాడు. మందులమ్మ పెట్టిన కట్టడి అతనికేం తెలుసు. నన్ను చూసి మెల్లగా, “మీ అన్న విల్లు చూసిన బిడ్డా. జహీరాబాద్ సంతల, ఒకని భుజాన. నడుమ ఇత్తడి రేకు, రెండు చీలలు, మీ నాయిన కొట్టిందే. వాడు సికింద్రాబాద్ బండెక్కుతనంటున్నడు. జనంల మొహం కానరాలే” అన్నాడు. తనకు పని ఉందని అప్పుడే వెళ్ళిపోయాడు.

మా ఇళ్ళల్లో మగవాడు తన విల్లును ఇంకొకరి భుజాన పెట్టడు. తండ్రి బతికుండగా కొడుకు కూడా తండ్రి విల్లు ముట్టడు. కొత్త విల్లు కట్టినప్పుడు దాని మీద ఒక్కొక్కరికీ వేరే గుర్తు కొడతారు. విల్లు ఎక్కడుందో మనిషి అక్కడున్నట్టే. బయటివాళ్ళెవరైనా ‘విల్లు కనబడితే మనిషి కనబడ్డట్టేనా’ అని అడిగి ఉండేవాళ్ళు. నాకు ఆ ప్రశ్నే తట్టలేదు.

ఎదురిల్లు పది అడుగులు. ముందు ఆమెకు చెప్పాలని గుర్తుంది. గుర్తుండే లోపలికి పరుగెత్తాను. నిజం చెప్పాలంటే, ఆ మాట నాయినకు నేనే చెప్పాలనిపించింది. ఆయన మొహం వెలగడం నేనే చూడాలనిపించింది. “నాయినా, అన్న వొస్తుండు! బండెక్కిండట!” అన్నాను.

మొహం వెలిగింది. ఆ వెలుగు నేను చూశాను. మరుక్షణం ఆయన లేచాడు. తల మీద గుడ్డ జారిపోయింది, నూనె మెడ మీదకు కారుతోంది, చెప్పులు లేవు. నేను చెయ్యి పట్టుకుంటే విదిలించుకొని ఉరికాడు. కార్తీకం ఈదురుగాలి కొడుతోంది. బీదరు బండి వచ్చింది, పోయింది. తర్వాతి బండి కూడా వచ్చింది, పోయింది. సాయంత్రం కూలీలు ఇద్దరు టాంగాలో వేసుకొని తెచ్చారు. ప్లాట్‌ఫారం మీద పడిపోయాడట. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయి. నోరు ఒక పక్కకు పోయింది. మాట పోయింది.

గల్లీ అంతా మా వాకిట్లో చేరింది. మందులమ్మ వాళ్ళను తప్పించుకొని వచ్చి నాయిన దగ్గర కూర్చుంది. ఆ రోజు ఆమె వేళ్ళు వెచ్చ చేసుకోలేదు. చాలాసేపు నాడి పట్టుకొని, తల ఎత్తి నన్ను అడిగింది.

“బిడ్డా, ఎవలన్న ఏమన్న చెప్పిండ్రా?”

అమ్మ నా వైపు చూస్తోంది. వాకిట్లో అందరూ చూస్తున్నారు.

“లేదు. ఎవ్వలు ఏం చెప్పలే. తానే లేచి ఉరికిండు” అన్నాను.

నోట్లో మాట ఆగని గాలి పిల్లకు ఆ ఒక్క మాట ఎట్లా ఆగిందో నాకు ఇవాళ్టికీ అంతుపట్టదు.

మందులమ్మ నన్ను చూస్తూ ఉండిపోయింది. తర్వాత నాయిన చెయ్యి మెల్లగా పరుపు మీద పెట్టి లేచింది. కిరాణా దుకాణదారుడు వెనక నుంచి, “నూనెలు గీనెలు పోసి తలకాయ ఖరాబ్ చేసింది. డాక్టర్ దగ్గరికి తోలమంటె ఇన్నరా?” అన్నాడు. ఇంకెవరో అవునన్నారు. ఆమె గడప మీద ఆగి అందరికీ వినబడేట్టు, “తప్పు నాదే. ఉరుకడన్న. నాడి చూసుడు తప్పింది” అంది. వాళ్ళు దారిచ్చారు. ఆమె తన ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది.

పాఠకులు ఒకటి గమనించాలి. ఆమె నన్ను చూసిన ఆ చూపును నేను ఎట్లా అర్థం చేసుకున్నానంటే, ‘నాకు తెలిసిపోయిందిలే బిడ్డా, నీ చిన్నతనం చూసి నా మీద వేసుకుంటున్నా’ అన్నట్టు. అలా అర్థం చేసుకోవడం నాకు అవసరం. అలాగైతే ఆమె మహానుభావురాలు, నేను క్షమించబడ్డ పిల్లను. ఎన్ని రాత్రులు ఆ మాట జోల పాడుకొని నిద్రపోయానో.

గల్లీ మాత్రం ఆమెను వదిలేసింది. ఒక్కరోజులో కాదు. ముందు పసిపిల్లలను తేవడం మానేశారు, తర్వాత బాలింతలు, తర్వాత ఎవరూ రాలేదు. బావి దగ్గర ఆడవాళ్ళు “నాడి తప్పిన మందులమ్మ” అనేవాళ్ళు. నేను బిందె నింపుకొని తల వంచుకొని వచ్చేదాన్ని. మింగలేను, కక్కలేను. ఆ బేపారి మళ్ళీ మా గల్లీకి రాలేదు. నెల తర్వాత మా చిన్నాయిన అన్నను వెతుకుతూ జహీరాబాదు పోయి, సంతలో ఆ విల్లు గుర్తుపట్టి, మోసేవాణ్ణి పట్టుకున్నాడు. వాడు ఇంకో ఊరి వాడు. సంతలో ఎవడో అమ్మజూపితే కొన్నాడట. అమ్మినవాడెవడో, అమ్మినవాడికి ఎట్లా చిక్కిందో తెలియలేదు. అన్న తిరిగి రాలేదు. నాయిన మాట లేకుండానే ఏడాది మంచం మీద ఉండి కన్నుమూశాడు. ఎడమ చేత్తో నన్ను దగ్గరికి పిలిచి తల నిమిరేవాడు. ఆయనకు తెలుసు, నేను చెప్పానని. చెప్పడానికి నోరు లేదు.

అల్వాల్లో కొడుకు ఇల్లు కట్టుకుంటే మందులమ్మ అక్కడికి పోయింది. బండి మీద సామాను వేస్తుంటే నేను కిటికీ వెనక నిలబడి చూశాను. ఎక్కే ముందు ఆమె మా ఇంటి వైపు తిరిగి, “చెల్లే, పోయొస్త” అని అమ్మను పిలిచింది. అమ్మ బయటికి పోలేదు. కఫం మనిషి కోపం రెండేళ్ళు కాదు, ఏడేళ్ళు ఉంది.

తర్వాత నాకు బడిలో ఉద్యోగం దొరికింది. మల్కాజ్‌గిరిలో ఇల్లు తీసుకున్నాం. మల్కాజ్‌గిరి నుంచి అల్వాల్ ఎంత దూరం? ఒక పూట పని. ఈ దసరా సెలవుల్లో పోదాం, వచ్చే రంజాన్ తర్వాత పోదాం, అనుకుంటూనే ఉన్నాను. ఒకసారి మోండా మార్కెట్లో మూలికల దుకాణం ముందు దూరం నుంచి కనబడింది. బాగా సన్నబడింది. ఏదో వేరు చేతిలో పట్టుకొని వాసన చూసి, దుకాణదారుణ్ణి, “ఇది అదేనా? నువ్వు చూసి చెప్పు నాయినా” అని అడుగుతోంది. వేరును చీకట్లో ముట్టుకొని పేరు చెప్పే మనిషి. వయసు మీదపడింది కాబోలు అనుకొని నేను ఉల్లిగడ్డల వరుసలోకి తప్పుకున్నాను.

పాలాయన చెప్పిన సాయంత్రమే అల్వాల్ పోయాను. బస్సు దిగి రెండు గల్లీలు అడిగి ఇల్లు కనుక్కున్నాను. కొడుకు డ్యూటీకి పోయాడు. కోడలు వాకిట్లో కూర్చొని అత్త మందుల జాడీలు బూడిదతో తోముతోంది. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్దది. ఎవరని అడిగితే, బన్సీలాల్‌పేటలో ఎదురింటి దూదేకులాయన బిడ్డనని చెప్పాను. ఆమె చేతులు ఆగాయి.

“మీ నాయిన సంగతి మా అత్త యాది చెయ్యని దినం లేదు” అంది. “ఆ దినం నుంచి ఎవలి నాడి చూడలే. ఇక్కడికి సుత మస్తు మంది వొచ్చిండ్రు. దండం పెట్టి తోలేది. ‘నా వేళ్ళు అబద్ధం చెప్తున్నయి బిడ్డా, ఇంకొకని ఉసురు నాకొద్దు’ అనేది. మా చిన్నోనికి జ్వరమొస్తె సుత చెయ్యి పట్టలే.”

నేను అరుగు అంచున కూర్చున్నాను.

“ఈ ఏడు తనకే నిద్ర లేదు” అని ఆమె చెప్పుకుపోతోంది. “చేతులు వణుకుడు. నూనె నేను పోస్తనంటే ఏ నూనెనో చెప్పకపోతుండె. ‘నాది వాతమే అనిపిస్తది గని, అనిపించుడు మీద నాకు నమ్మకం లేదు’ అనేది. ఇన్ని జాడీలు ఇంట్ల పెట్టుకొని ఒక్క చుక్క తలకు పెట్టుకోకుండ పోయింది. నన్నొక్కటే అడుగుతుండె. ‘ఎవ్వలు ఏం చెప్పకపోతె ఆ మనిషి ఎట్ల ఉరికిండే? దిగిన గాలి ఎట్ల ఎక్కింది?’ అని. నాకేమెరుక? ఏడేండ్లు అదే మాట.”

ఆమెకు తెలియదు. తెలిసి నన్ను కాపాడలేదు. నేను లేదంటే లేదని నమ్మింది. ఎదురింటి పిల్ల అబద్ధం చెబుతుందని అనుకోలేక, తండ్రి ఇచ్చిన విద్యనూ తన వేళ్ళనూ అనుమానించింది. నేను నలుగురి ముందు ఆమె పేరొక్కటే పోగొట్టాననుకున్నాను. అంతకన్నా విలువైనది పోగొట్టానని ఆ వాకిట్లో తెలిసింది.

అప్పుడు చెప్పాను. బేపారి రావడం, విల్లు, నేను పరుగెత్తడం, లేదనడం, అంతా చెప్పాను. గాలి దిగిందన్న ఆమె మాట నిజమే. వేళ్ళు తప్పు చెప్పలేదు. నాయిన తనంతట తాను ఉరకలేదు.

కోడలు తిట్టలేదు. తిడితే బాగుండేది. చేతిలోని జాడీని ఒడిలో పెట్టుకొని నన్ను చూసింది.

“ఈ మాట ఒక్కపారి వొచ్చి చెప్పకపోతివా చెల్లె?” అంది.

ఇంటికి వచ్చి అమ్మకు కూడా చెప్పాను. ఆ రోజు నుంచి అమ్మ నాతో మాట్లాడటం లేదు. నిన్న ఒక్కతే బస్సెక్కి అల్వాల్ పోయి వచ్చింది. అక్కడ ఏం మాట్లాడిందో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. గల్లీవాళ్ళు ఈ ముక్క చదివితే, చదవడం రానివాళ్ళకు వినిపించమని వేడుకుంటున్నాను. కిరాణా దుకాణదారుడికి తప్పకుండా వినిపించండి, అన్నం తిన్నాక.

ఆ సాయంత్రం అల్వాల్ వాకిట్లో కోడలు ఆ మాట అడిగింది. అడిగి, మళ్ళీ పీచు తీసుకొని తోమడం మొదలుపెట్టింది. తోమిన జాడీలను ఒక్కొక్కటే రాతి బండ మీద ఎండకు బోర్లిస్తోంది. పొద్దు వాలుతున్నా బండ ఇంకా వేడిగానే ఉంది. ఎంత తోమినా పోని నూనె ఆ వేడికి కరిగి, ఒక్కో జాడీ అంచు కింది నుంచి బండ మీదకు మెల్లగా దిగుతోంది.